ఫిల్టర్ నీళ్ల తాళం ఎవరి చేతిలో ఉంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరిగాయి. సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి గనులు, సోలార్ పార్కులు ఊరి పొలిమేరలోనే ఉన్న కడప, కర్నూలు, అనంతపురం పాఠకుల్లో కొందరు 'కంపెనీ ఊరికి ఇంత చేస్తున్నా ఇంకా అనుమానం ఎందుకు?' అని అడిగితే, మరికొందరు 'ఇంత చేస్తున్నందుకే మాకు అనుమానం' అని రాశారు. వాటిలో అయిదు ఉత్తరాలను తీసుకుంటున్నాను. రాసినవారి కోరిక మీద వారి పేర్లను, వారు ప్రస్తావించిన కంపెనీల పేర్లను తీసేశాను.

ప్రశ్న: మా ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. కంపెనీ వారు ఫిల్టర్ నీళ్ల ప్లాంటు పెట్టారు, బడి పిల్లలకు బ్యాగులు పంచారు, గుడి ముందు ఆర్చి కట్టించారు, ఏటా వానలు మొదలవగానే మొక్కలు నాటి ఫోటోలు దిగుతారు. వచ్చే నెల విస్తరణ కోసం ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. మేలు చేసినవాళ్లకు అడ్డం పడకూడదని సగం ఊరు, దుమ్ము సంగతి తేలాకే మాట్లాడదామని సగం ఊరు. అసలు కంపెనీలు ఇవన్నీ ఎందుకు చేస్తాయి? ఆ మేలును, ఈ దుమ్మును ఒకే తక్కెడలో తూచవచ్చా?
— ఒక రైతు, ఎర్రగుంట్ల మండలం

జవాబు: కంపెనీ నడవడానికి రెండు రకాల అనుమతులు కావాలి. ఒకటి ప్రభుత్వం ఇచ్చేది. దానికి కాగితం, నంబరు, షరతులు, గడువు అన్నీ ఉంటాయి. రెండోది చుట్టూ బతికే జనం ఇచ్చేది. దానికి కాగితం ఉండదు కాబట్టి అది ఎప్పుడు ఇచ్చారో, ఎప్పుడు వెనక్కి తీసుకున్నారో తేదీ వేసి చెప్పలేము. దీన్ని ప్రజామోదం అందాం. మొదటి అనుమతి చేతిలో ఉండి రెండోది పోగొట్టుకుంటే ఏమవుతుందో తూత్తుకుడిలో దేశమంతా చూసింది. రెండు దశాబ్దాలకు పైగా నడిచిన రాగి కర్మాగారానికి వ్యతిరేకంగా 2018 మే 22న జరిగిన నిరసన మీద పోలీసు కాల్పుల్లో 13 మంది చనిపోయారు. వారం తిరగకముందే దాన్ని మూసివేయమని తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. తిరిగి తెరవడానికి కంపెనీ చేసిన ప్రయత్నాన్ని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా తోసిపుచ్చింది. పెద్ద కంపెనీలు ఈ రెండో అనుమతి కోసం ప్రత్యేక విభాగాలు పెట్టుకుని పనిచేయడానికి కారణం దయ కాదు, ఈ భయమే.

మార్క్ సుచ్‌మన్ అనే అమెరికన్ పండితుడు 1995లో ఈ ఆమోదాన్ని మూడు పాయలుగా విడదీశారు. నా మాటల్లో చెప్పాలంటే, మొదటిది 'దీనివల్ల మాకేమొస్తోంది' అన్న లెక్క మీద నిలిచేది. రెండోది 'ఇది న్యాయంగా నడుస్తోందా' అన్న ప్రశ్న మీద నిలిచేది. మూడోది అలవాటు మీద నిలిచేది. ఫ్యాక్టరీ సైరన్ విని పొయ్యి వెలిగించే ఊళ్లో, ఫ్యాక్టరీ లేని ఊరును ఊహించుకోవడమే జనం మానేస్తారు. మీ ఊరికి వచ్చిన బ్యాగులూ ఆర్చీ మొదటి పాయకు చెందినవి. మీ దుమ్ము ప్రశ్న రెండో పాయకు చెందినది. కాబట్టి రెండింటినీ ఒకే తక్కెడలో వేయకూడదన్నది నా అభిప్రాయం. ఒకదానికి జవాబుగా మరొకదాన్ని చూపించినప్పుడే మోసం మొదలవుతుంది.

ఇక 'మేలు' అన్న మాట సంగతి చూద్దాం. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి, అందులోనూ తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. సగటున 300 కోట్లు లాభం వచ్చే కంపెనీ అయితే ఏటా 6 కోట్లు. దీనికి తోడు గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ జిల్లా ఖనిజ నిధిని తెచ్చింది. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజుల మీద రాయల్టీకి అదనంగా అందులో 30 శాతం, ఆ తర్వాత వేలంలో ఇచ్చిన వాటి మీద 10 శాతం ఆ నిధికి కట్టాలి. అంటే మీ ఊరికి వచ్చినదాంట్లో చాలా భాగం చట్టం వసూలు చేయించినదే. పన్ను కట్టినవాడికి మనం శాలువా కప్పం కదా.

మీరు రాసిన నాలుగింటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఫిల్టర్ నీళ్ల ప్లాంటు. సామాజిక బాధ్యత నిధులతో కట్టిన ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదని 2021లో సవరించిన నియమాలు చెబుతున్నాయి. అది లాభాపేక్ష లేని సంస్థకో, ట్రస్టుకో, రిజిస్టరయిన సొసైటీకో, లబ్ధిదారుల సంఘానికో, పంచాయతీ వంటి ప్రభుత్వ సంస్థకో చెందాలి. కాబట్టి ముందుగా ఒక చిన్న విషయం తేల్చుకోండి: ఆ ప్లాంటు గది తాళం ఎవరి దగ్గర ఉంది? మోటారు కాలిపోతే ఎవరి సంతకంతో బాగుచేయిస్తారు? ఊళ్లో నలుగురు ఫ్యాక్టరీ గేటు ముందు ధర్నాకు కూర్చున్న మరునాడు కూడా ఇరవై లీటర్ల క్యాను నిండుతుందా? తాళం పంచాయతీ కార్యాలయంలో మేకుకు వేలాడుతుంటే అది ఊరి ఆస్తి. కంపెనీ సూపర్‌వైజరు జేబులో ఉంటే, పైన గోడ మీద ఏం రాసి ఉన్నా, అది ఊరి గొంతు మీద పెట్టిన చెయ్యి. ఆస్తి ఎవరి పేరు మీద ఉందో, ఎక్కడుందో, కంపెనీ వార్షిక నివేదికకు జతచేసే సామాజిక బాధ్యత పట్టికలో పిన్‌కోడుతో సహా చూపించాలి. బోర్డు ఆమోదించిన ప్రాజెక్టుల జాబితా కంపెనీ వెబ్‌సైట్‌లో ఉండాలి. ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలెవరైనా అరగంటలో వెతికి పెడతారు.

మొక్కల సంగతి అలా కాదు. సిమెంటు ఫ్యాక్టరీల పర్యావరణ అనుమతుల్లో స్థలంలో 33 శాతం పచ్చదనం పెంచాలన్న షరతు మామూలుగా ఉంటుంది, మరో చట్టం ప్రకారం చేసి తీరాల్సిన పనిని సామాజిక బాధ్యత ఖాతాలో రాసుకోకూడదని నియమాలు స్పష్టంగా అంటున్నాయి. ఫోటోలోని మొక్కలు ఫ్యాక్టరీ ఆవరణలోవైతే అవి ఊరికి కానుక కావు. సామాజిక బాధ్యత కింద చేయదగిన పనులను జాబితా కట్టిన ఏడో షెడ్యూలులో గుడి ఆర్చికి మామూలుగా చోటు లేదు కాబట్టి ఆ డబ్బు వేరే ఖాతాలోంచి వచ్చి ఉంటుంది, దాన్ని వదిలేద్దాం. స్కూలు బ్యాగుల మీద నాకు కోపం లేదు, వాటి మీద కంపెనీ గుర్తు పిల్లల పేరు కంటే పెద్దదిగా ఉండడం మీద మాత్రం కొంచెం ఉంది.

ప్రజాభిప్రాయ సేకరణ గురించి. కొన్నేళ్ల కింద మన జిల్లాలోనే ఒక గని విస్తరణ కోసం జరిగిన సభకు నేను వెళ్లాను. షామియానా, వేదిక మీద జాయింట్ కలెక్టరు గారు, పక్కన కాలుష్య నియంత్రణ మండలి అధికారి, వీడియో కెమెరా, వచ్చినవారందరికీ మజ్జిగ ప్యాకెట్లు. మొదటి గంటంతా బడి గురించి, వైద్య శిబిరం గురించి, ఉద్యోగాల గురించి పొగడ్తలే సాగాయి. అప్పుడు డెబ్బయ్యేళ్లు దాటిన రైతు ఒకాయన తన చీనీ తోట నుంచి తెంపుకొచ్చిన నాలుగు ఆకులను మైకు ముందు చూపించి, భుజం మీది తెల్ల తువ్వాలుతో వాటిని తుడిచి, బూడిదరంగు మరక పడిన ఆ తువ్వాలును అధికారుల బల్ల మీద పరిచి, "ఈ దుమ్ము మీ రిపోర్టులో యాడుంది సార్, పేజీ నంబరు చెప్పండి" అన్నారు. కంపెనీ తరఫున ఆ రిపోర్టు రాసిన కన్సల్టెంటు ఆ మందపాటి పుస్తకాన్ని చాలాసేపు తిరగేశారు. దుమ్ము కొలిచిన కేంద్రాల్లో ఒక్కటి కూడా గాలి వాలున ఉన్న ఆ తోట వైపు లేదని చివరికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ ప్రశ్న సభ మినిట్స్‌లోకి ఎక్కింది. పొగడ్తలు కూడా ఎక్కాయి, కానీ వాటికి కంపెనీ జవాబు రాయనక్కరలేదు.

మీరు గుర్తుంచుకోవాల్సిన తేడా అదే. పర్యావరణ ప్రభావ అంచనా మీద కేంద్రం ఇచ్చిన 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఆ సభ ఓటింగు కాదు, దానికి కోరం కూడా లేదు. ఎంతమంది వచ్చారు, ఎవరి వైపు ఎంతమంది అన్న లెక్క పనికిరాదు. పనికొచ్చేది ఏం అడిగారన్నదే. సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు రావాలి, పర్యావరణ ప్రభావం మీద ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లోనూ జిల్లా పరిషత్‌లోనూ పంచాయతీలోనూ చూడడానికి ఉండాలి, సారాంశం తెలుగులో దొరకాలి. సభకు రాలేనివారు తమ అభ్యంతరాన్ని రాసి మండలికి పంపవచ్చు. సభ చివర మినిట్స్‌ను తెలుగులో అందరికీ చదివి వినిపించాలి. లేచిన ప్రతి ప్రశ్నకూ కంపెనీ తుది నివేదికలో జవాబు చూపాలి. సభలో కంపెనీ ఇచ్చిన హామీలను పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో చేర్చాలని 2020 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ చెప్పింది కాబట్టి, 'చూస్తాం, చేస్తాం' అన్న మాటలను తీసుకోకండి. 'ఏ నెలలోపు, ఎన్ని మీటర్లు, ఎన్ని లక్షలు' అని అడిగి రికార్డు చేయించండి. ఊరు రెండుగా చీలిపోయిందని బాధపడకండి. మేలు కావాలన్నవారు కూడా దుమ్ము ప్రశ్న వేయవచ్చు, వేస్తే ఆ ప్రశ్నకు బరువు ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న: మా పాఠంలో 'సోషల్ లైసెన్స్' అన్న మాట వచ్చింది. ఆ లైసెన్సును ఏ కార్యాలయంలో ఇస్తారు?
— బీకాం విద్యార్థిని, అనంతపురం

జవాబు: ఏ కార్యాలయంలోనూ ఇవ్వరమ్మా. పై జవాబులో నేను ప్రజామోదం అన్నదానికి గనుల వ్యాపారులు పెట్టుకున్న పేరు అది. 1990ల చివర్లో కెనడా గనుల రంగం నుంచి ఆ మాట ప్రచారంలోకి వచ్చింది. అయితే మన దేశంలో ఒక్కసారి మాత్రం దానికి కార్యాలయం లాంటిది దొరికింది. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకం మీద నిర్ణయాన్ని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలకు వదిలింది. సభలు జరిగిన 12 ఊళ్లూ వద్దన్నాయి, గని రాలేదు. అది అటవీ హక్కుల చట్టం వల్ల సాధ్యమైంది కాబట్టి మన సున్నపురాయి గనులకు నేరుగా వర్తించదు. పరీక్షలో ఇంతవరకు రాస్తే సరిపోతుంది.

ప్రశ్న: నేను ఒక సిమెంటు కంపెనీ షేర్లు కొన్నాను. వార్షిక నివేదికలో సుస్థిరత గురించే పదుల పేజీలున్నాయి, 2050 నాటికి నెట్ జీరో (వదిలినంత కర్బన వాయువును తిరిగి తొలగించడం) అంటున్నారు, అవార్డుల బొమ్మలున్నాయి. దీన్ని ఎంతవరకు నమ్మాలి?
— చిన్న మదుపరి, ప్రొద్దుటూరు

జవాబు: అవార్డుల పేజీని ముందుగా తిప్పేయండి. 2015 సెప్టెంబరులో డౌ జోన్స్ సుస్థిరత సూచీ వోక్స్‌వాగన్‌ను వాహన రంగంలో అన్నిటికంటే ముందు నిలిపింది. పరీక్ష జరిగేటప్పుడు మాత్రమే పొగ తగ్గించి చూపే సాఫ్ట్‌వేర్‌ను ఆ కంపెనీ డీజిల్ కార్లలో పెట్టిందని అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టింది కూడా అదే నెలలో. ప్రపంచమంతటా దాదాపు 1.1 కోట్ల వాహనాల సంగతి అది. అవార్డు ఇచ్చినవారు అబద్ధం ఆడలేదు, కంపెనీ నింపి ఇచ్చిన ఫారాన్ని నమ్మారంతే.

మన దేశంలో ఇప్పుడు ఫారం కొంత మెరుగ్గా ఉంది. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022–23 నుంచి బాధ్యతాయుత వ్యాపారం మీద స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిర్దేశించిన నివేదికను తప్పనిసరిగా ఇస్తున్నాయి. వాడుకలో దాన్ని బీఆర్‌ఎస్‌ఆర్ అంటారు. అందులో తొమ్మిది సూత్రాలు, వాటి కింద తప్పనిసరి ప్రశ్నలు, ఐచ్ఛిక ప్రశ్నలు ఉంటాయి. మొత్తం చదవడానికి ఓపిక కావాలి. నేను చదివే క్రమం చెబుతాను.

మొదటి భాగంలోనే ఫిర్యాదుల పట్టిక ఉంటుంది. అందులో స్థానిక సమాజాలు అన్న వరుసలో, ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తేలలేదు అని రాయాలి. అక్కడ సున్నా కనిపిస్తే, అది ఫిర్యాదే లేని సున్నానా, రాసుకోని సున్నానా అని ఆలోచించండి. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుతో చెప్పిన మాట ఈ పట్టికలోకి రాదు. ఎర్రగుంట్ల రైతుగారు కూడా ఇది గమనించాలి: దుమ్ము గురించి, పేలుళ్లకు గోడలు బీటలు వారడం గురించి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుంటే, ఆ సున్నా ఒకటవుతుంది. ముంబైలో కూర్చున్న మదుపరుల ముందు ఆ ఒకటికి మన ఊళ్లో ధర్నా కంటే ఎక్కువ చప్పుడుంటుంది.

తర్వాత నీళ్లు. కంపెనీ ఏడాదిలో ఎన్ని కిలోలీటర్లు తోడిందో తప్పనిసరిగా చెప్పాలి, కానీ అది దేశమంతటా ఉన్న ప్లాంట్లన్నిటికీ కలిపి ఒకే అంకె. నీటి ఎద్దడి ఉన్న ప్రాంతంలోని ఒక్కో ప్లాంటు పేరుతో విడిగా చెప్పాల్సిన పట్టిక ఐచ్ఛిక ప్రశ్నల్లో ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం వంటి చోట ఊరికి కావాల్సిన అంకె సరిగ్గా అదే, చెప్పకపోయినా తప్పులేని అంకె కూడా అదే. ఆ పట్టికను నింపిన కంపెనీని నేను కొంచెం ఎక్కువ నమ్ముతాను. ఇంకో చిన్న విశేషం: నీతి ఆయోగ్ ఆకాంక్షిత జిల్లాల్లో కడప ఒకటి, అలాంటి జిల్లాల్లో చేసిన సామాజిక ఖర్చును విడిగా చూపడానికి ఈ నివేదికలో ఒక గడి ఉంది. మన జిల్లా వెనుకబాటు కూడా ఎవరి నివేదికలోనో మెరుగులు దిద్దుతోందన్నమాట.

నెట్ జీరో మాటకు వస్తే, సిమెంటు విషయంలో రసాయన శాస్త్రం అడ్డం వస్తుంది. వంద కిలోల శుద్ధ సున్నపురాయిని కాల్చితే 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. సౌర విద్యుత్తు వాడినా, గాలిమర విద్యుత్తు వాడినా ఆ 44 కిలోలు తగ్గవు. తగ్గాలంటే సిమెంటులో క్లింకర్ (సున్నపురాయిని కాల్చి చేసే ముద్ద) వాటా తగ్గించాలి, లేదా ఆ వాయువును పట్టి దాచాలి. రెండోది ఇంకా ఖరీదైన వ్యవహారం. మొదటిది థర్మల్ కేంద్రాల బూడిద కలపడం ద్వారా ఎప్పటినుంచో జరుగుతోంది. పోర్ట్‌ల్యాండ్ పోజోలానా సిమెంటులో 35 శాతం వరకు బూడిద ఉండవచ్చు. దానికే 'పచ్చ సిమెంటు' అని కొత్త బట్టలు తొడుగుతున్నారు. అది అబద్ధం కాదు, ప్రతి బస్తాకు వాయువు నిజంగానే తగ్గుతుంది. కంపెనీకి ఖర్చూ తగ్గుతుంది, దాన్ని త్యాగంగా చెప్పుకోవడమే అతి. ఇలాంటి పచ్చ పూత ప్రకటనలకు ఆధారాలు చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చింది, 'పర్యావరణ హితం' వంటి మాటలను వివరణ లేకుండా వాడకూడదు. మీరు వాటాదారు కాబట్టి మీకు మరో సౌకర్యం ఉంది: వార్షిక సర్వసభ్య సమావేశంలో 2050 గురించి కాకుండా 2030 గురించి అడగండి. 2050లో జవాబు చెప్పాల్సిన డైరెక్టరు ఇప్పటి వేదిక మీద ఎవరూ ఉండరు.

ప్రశ్న: సోలార్ పార్కుకు పొగ లేదు, దుమ్ము లేదు. దానికి కూడా జనం ఆమోదం అనే సమస్య ఉంటుందా?
— ఒక ఉపాధ్యాయుడు, ఓర్వకల్లు

జవాబు: ఉంటుంది, అది ఇంకో దారిన వస్తుంది. మీకు దగ్గర్లో గని, శకునాల అనే ఊళ్ల దగ్గరున్న సోలార్ పార్కు 2017లో 1000 మెగావాట్లతో పూర్తయినప్పుడు ప్రపంచంలోని పెద్దవాటిలో ఒకటి; అది పరచుకున్న నేల దాదాపు 5,900 ఎకరాలు. సౌర ఫలకాల ప్రాజెక్టులు 2006 నోటిఫికేషన్ పరిధిలోకి రావు కాబట్టి వాటికి ప్రజాభిప్రాయ సేకరణ జరగదు. తువ్వాలు పరచడానికి బల్లే లేదన్నమాట. పట్టా ఉన్న రైతుకు పరిహారం వస్తుంది; ప్రభుత్వ భూమిని తరాలుగా దున్నుకున్నవారికి, ఆ బీళ్లలో గొర్రెలు మేపుకున్నవారికి, శనగ కోతలకు పోయే కూలీలకు దక్కేది రికార్డులో పేరు ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. ఫలకాల మీద మన్ను కడగడానికి నీళ్లు కావాలి, ఎండాకాలంలో ఆ ట్యాంకర్ ఎక్కడ నిండుతోందో ఊరు చూస్తూనే ఉంటుంది. నీళ్లు లేకుండా తుడిచే యంత్రాలు వచ్చాయి, కొత్త పార్కుల్లో వాటిని అడగవచ్చు.

బొగ్గు కంపెనీ జనాన్ని ఒప్పించాలని కనీసం ప్రయత్నిస్తుంది. సౌర కంపెనీ తన పని మంచిదే కాబట్టి ఒప్పించనక్కరలేదని అనుకుంటుంది. దేశానికి మంచి చేయడం, ఆ ఊరికి న్యాయం చేయడం ఒకటే అనుకోవడం దాని పొరపాటు. అయినా నేను సౌర విద్యుత్తు వైపే ఉన్నాను. అందుకే దాని మీద కొంచెం గట్టిగా రాయాలనిపిస్తుంది.

ప్రశ్న: నేను ఒక ఫ్యాక్టరీలో సామాజిక బాధ్యత విభాగంలో చిన్న ఉద్యోగిని. ఈ రెండేళ్లలో మేము నిజంగానే దుమ్మును పట్టే బ్యాగ్ ఫిల్టర్లు మార్చాం, కన్వేయర్ బెల్టుకు మూత వేశాం, లారీల రోడ్డు మీద రోజుకు మూడుసార్లు నీళ్లు చల్లిస్తున్నాం. అయినా ఊళ్లోకి పోతే మమ్మల్ని దొంగల్లా చూస్తారు. ఏం చెబితే నమ్ముతారు?
— పేరు రాయవద్దన్న పాఠకుడు, తాడిపత్రి ప్రాంతం

జవాబు: ఈ ఉత్తరం చదివి మీ మీద జాలి కలిగింది, అది వెటకారం కాదు. ఇలాంటి చిక్కులో కంపెనీలు పోయే దారులు నాలుగని లిండ్‌బ్లమ్ అనే పరిశోధకురాలు 1994లో చెప్పారు. నిజంగా మారి, మారామని జనానికి తెలియజేయడం ఒకటి. మారకుండానే జనం అభిప్రాయాన్ని మార్చాలని చూడడం రెండు. దుమ్ము గురించి అడిగితే కంటి ఆపరేషన్ల శిబిరం గురించి మాట్లాడి, దృష్టి మళ్లించడం మూడు. 'సిమెంటు ఫ్యాక్టరీ పక్కన దుమ్ము ఉండదా' అని జనం ఆశనే తగ్గించడం నాలుగు. మీ ఫ్యాక్టరీ ఎన్నేళ్ల పాతదో మీరు రాయలేదు, కానీ మీకంటే ముందు పనిచేసినవారు రెండో, మూడో, నాలుగో దారుల్లోనే నడిచి ఉంటారని ఊహించగలను. ఇప్పుడు మీరు మొదటి దారిలో వచ్చి అదే జీపు దిగి అదే మైకులో మాట్లాడితే, ఊరికి తేడా ఎలా తెలుస్తుంది? కాబట్టి 'ఏం చెబితే' అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. ఊరు తనంతట తాను చూసుకునేలా ఏం పెట్టవచ్చో ఆలోచించండి.

పెట్టడానికి కావాల్సినవన్నీ మీ దగ్గర ముందే ఉన్నాయి. సిమెంటు, థర్మల్ వంటి 17 రకాల పరిశ్రమలు చిమ్నీల్లో నిరంతరం కొలిచే యంత్రాలు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. మీ చిమ్నీ అంకెలు పగలూ రాత్రీ మండలి సర్వర్లకు పోతూనే ఉంటాయి. గాలిలో ధూళి అంకెలను ప్రధాన గేటు దగ్గర జనానికి కనబడేలా ప్రదర్శించాలన్న షరతు మీ పర్యావరణ అనుమతిలో దాదాపు తప్పకుండా ఉంటుంది. షరతులు ఎంతవరకు పాటించారో ఏటా జూన్ 1న, డిసెంబరు 1న అర్ధవార్షిక నివేదిక ఇస్తున్నారు. ఇవన్నీ పైకి, అధికారుల దగ్గరికి పోతున్నాయి. పక్కకు, ఊళ్లోకి రావడం లేదు. డిసెంబరు నివేదికను తెలుగులో రెండు పేజీలకు కుదించి, తప్పిన షరతులను తప్పినట్టే రాసి, పంచాయతీ గోడకు అంటించడానికి మీకు ఎవరి అనుమతీ అక్కరలేదు, మీ మేనేజరుగారిది తప్ప. ఆయనను ఒప్పించడమే మీకు అసలు పని కావచ్చు.

గేటు బోర్డు గురించి ఒక మాట చెప్పాలి. నేను చూసిన బోర్డుల్లో కొన్ని వెలిసిపోయి ఉన్నాయి, కొన్నిటి మీద మూడు నెలల కిందటి తేదీ ఉంది, ఒకదాని ముందు బౌగన్‌విల్లా పెరిగి అంకెలను కమ్మేసింది. మీ పరిసరాల్లో పీఎం10 (గాలిలో తేలే సన్నటి) ధూళికి 24 గంటల సగటు పరిమితి ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములని ఊళ్లో ఎంతమందికి తెలుసు? అంకె పక్కన పరిమితిని కూడా రాయండి. రాత్రి ఫిల్టర్లు ఆపేస్తారన్న మాట మన ప్రాంతంలో ఏ సిమెంటు ఊళ్లో అడిగినా వినిపిస్తుంది. మీరు ఆపడం లేదనుకుంటే పగటి సగటుతో పాటు రాత్రి రెండు గంటలకు నమోదైన అంకెను విడిగా చూపించండి. కొలిచే కేంద్రాల్లో ఒకదాన్ని ఎక్కడ పెట్టాలో ఊరినే చెప్పమనండి. వాళ్లు గాలి వాలున ఉన్న చీనీ తోటనే చూపిస్తారు, మీ కన్సల్టెంటు అక్కడ కరెంటు లేదంటారు, కరెంటు లాగించండి. అంకె 100 దాటిన రోజు తప్పకుండా వస్తుంది. ఆ రోజు బోర్డు చెడిపోయిందని గుడ్డ కప్పకుండా, ఎందుకు దాటిందో, ఎప్పటికి సరిచేస్తారో కింద సుద్దముక్కతో రెండు వరుసలు రాసి, కింద మీ పేరు, ఫోన్ నంబరు పెట్టండి.